జీతమిచ్చేవారికే ‘కుదరదు’ అని చెప్పాలి

1947లో అలహాబాద్ ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకుని కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకున్న ప్రేమ్ మాథుర్‌ని ఎనిమిది విమాన కంపెనీలు వద్దన్నాయి. చివరికి కొలువిచ్చింది హైదరాబాద్‌లోని డెక్కన్ ఎయిర్‌వేస్. కో-పైలట్‌గా తీసుకున్నారు గానీ కెప్టెన్ సీటు మాత్రం ఇవ్వలేదు. ఆమె హైదరాబాద్ వదిలి ఢిల్లీ వెళ్లి, పారిశ్రామికవేత్త జి.డి. బిర్లాకు సొంత పైలట్ అయ్యారు. 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరాక రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు.

డెబ్బై అయిదేళ్లు దాటినా కార్పొరేట్ పైలట్ కొలువు పోకడ పెద్దగా మారలేదు. ఎయిర్‌లైన్ తలుపు మూసుకున్నప్పుడు తెరుచుకునే పక్క వాకిలి అది. ఒక్క యజమాని నమ్మకం మీద నడుస్తుంది. ఎయిర్‌లైన్ మళ్లీ పిలిస్తే సగం మంది మూటాముల్లె సర్దుకుంటారు. మిగిలిన సగం మంది ఎందుకు ఉండిపోతారన్నదే నాకు ఆసక్తి. మా మేనల్లుడు ఈ దారి పట్టడంతో అయిదేళ్లుగా దీన్ని దగ్గర నుంచి చూస్తున్నాను. చూసిన కొద్దీ ఒక సంగతి గట్టిపడింది. ఈ ఉద్యోగంలో చేరడానికి గంటలు కావాలి, తెలిసినవాళ్లు కావాలి. అందులో బతికి బట్టకట్టడానికి మాత్రం జీతమిచ్చే మనిషికి కుదరదని చెప్పగల నోరు కావాలి. ఎవరి సిఫారసు మీద చేరామో వాళ్ల ముందే ఆ నోరు పెగలదు. చిక్కంతా అక్కడుంది.

కార్పొరేట్ పైలట్ అనే మాట కింద మన దేశంలో మూడు రకాల కొలువులున్నాయి. ఒక కంపెనీ తన పనులకు తానే విమానం కొనుక్కుంటే అది ప్రైవేటు కేటగిరీ. అందులో డబ్బు తీసుకుని ఎవరినీ ఎక్కించుకోకూడదు. రెండోది అద్దె విమానాల సంస్థ. టైంటేబుల్ ఉండదు, ఎవరు పిలిస్తే వాళ్లకు ఎగురుతుంది. దానికి పౌర విమానయాన డైరెక్టరేట్ డీజీసీఏ నుంచి నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ ఉండాలి. ఈ రంగంలో అందరూ ఎన్ఎస్ఓపీ అంటారు. మూడోది రాష్ట్ర ప్రభుత్వాల విమానయాన విభాగం. ముఖ్యమంత్రులూ గవర్నర్లూ ఎక్కే విమానాలూ హెలికాప్టర్లూ దాని చేతిలో ఉంటాయి. ఇవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడమూ ఉంది. విమానం ఒక పారిశ్రామికవేత్తది, పర్మిట్ ఇంకో సంస్థది. ఆయన అవసరం తీరిన రోజుల్లో అదే విమానం అద్దెకు తిరుగుతుంది. జీతం స్లిప్పు మీద ఒక పేరు, వెనక సీట్లో ఇంకో మనిషి. ఎవరి మాట వినాలన్నది చేరేనాడే తేల్చుకోకపోతే తర్వాత తేలదు.

ఇక చేరడం. డీజీసీఏ ఇచ్చే కమర్షియల్ పైలట్ లైసెన్సు (సీపీఎల్)కు 18 ఏళ్లు నిండాలి, ఇంటర్‌లో ఫిజిక్సు, లెక్కలు ఉండాలి, 200 గంటలు ఎగరాలి. నావిగేషన్, వాతావరణం, నిబంధనలు, టెక్నికల్ పేపర్లలో 70 శాతం మార్కులు రావాలి. రేడియో వాడకానికి ఆర్టీఆర్ పరీక్ష వేరే. క్లాస్ వన్ మెడికల్ తప్పదు. అన్నీ కలిపితే ఖర్చు అర కోటికి చేరడం మామూలే. చాలా ఇళ్లలో ఇది పొలం అమ్మిన డబ్బో, ఇల్లు తాకట్టు పెట్టిన డబ్బో అవుతుంది. నన్నడిగితే ఫీజు కట్టే ముందు చేయించాల్సింది మెడికల్. వరసను తిరగేసి, అరవై గంటలు ఎగిరాక కంటిలోనో గుండెలోనో లోపం బయటపడి ఇంటిదారి పట్టిన పిల్లలను చూశాను.

లైసెన్సు వచ్చాక ఎండమావి మొదలవుతుంది. 2023లో డీజీసీఏ 1,622 సీపీఎల్‌లు ఇచ్చింది. అదే ఏడాది ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ప్రకటించాయి. పేపర్లో ఆ రెండో వార్త చదివి తల్లిదండ్రులు సంబరపడ్డారు. ఆర్డరిచ్చిన విమానాలు ఏళ్ల తరబడి వస్తాయన్న ముక్క వాళ్లకెవరూ చెప్పలేదు. కొరత ఉన్నది కెప్టెన్లకు. 200 గంటల పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. ఆ వరస కదలనప్పుడే వాళ్ల చూపు కార్పొరేట్ వైపు తిరుగుతుంది.

అక్కడ ఇంకో గోడ. శిక్షణంతా సెస్నా 172 లాంటి ఒంటి ఇంజన్ విమానం మీద జరుగుతుంది. రెండు ఇంజన్ల విమానం మీద మల్టీ ఇంజన్ రేటింగ్ కోసం కొన్ని గంటలు ఎగిరి ఉంటారు, అంతే. యజమాని దగ్గరున్నదేమో కింగ్ ఎయిరో, హాకరో, సైటేషనో, చాలెంజరో. ఒక్కో రకం జెట్టుకు ఒక్కో టైప్ రేటింగ్ కావాలి. చాలా రకాల బిజినెస్ జెట్లకు సిమ్యులేటర్ మన దేశంలో లేదు. దుబాయో, అమెరికానో, యూరపో పంపాలి. ఆ ఖర్చు కంపెనీ పెట్టుకుంటే బాండు రాయించుకుంటుంది. మిమ్మల్నే పెట్టుకోమంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఎయిర్‌బస్ 320 రేటింగ్ పది చోట్ల చెల్లుతుంది. దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టే జెట్టు రేటింగ్ ఆ నాలుగు హ్యాంగర్ల దగ్గరే చెల్లుతుంది.

ఇన్ని గంటలుండాలని ఎవరు పట్టుబడతారో చాలామందికి తెలియదు. డీజీసీఏ నియమం ఒకటుంటుంది. దాని పైన ఇన్సూరెన్స్ కంపెనీ తన లెక్క పెడుతుంది. యజమానికి కుర్రాడు నచ్చినా, బీమా వాళ్లు ఆ అనుభవానికి ఒప్పుకోకపోతే కథ అక్కడితో ఆగిపోతుంది. అమెరికాలోనూ ఇదే తంతు. అందుకే ఎక్కువమంది ముందు ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌గా చేరి గంటలు కూడబెడతారు. అది చిన్నతనమేమీ కాదు. ఎదుటివాడు చేసే తప్పును మూడు సెకన్ల ముందు పసిగట్టడం ఎయిర్‌లైన్ కుడి సీట్లో కన్నా ఇన్‌స్ట్రక్టర్ సీట్లోనే బాగా వస్తుంది.

ఈ కొలువులకు నోటిఫికేషన్ అరుదు. ఒక కెప్టెన్ మానేస్తాడు, ఇంకో కెప్టెన్ తనకు తెలిసిన కుర్రాడి పేరు చెబుతాడు, రెండు రోజుల్లో సీటు నిండిపోతుంది. వాయుసేన, నౌకాదళం నుంచి రిటైరైనవాళ్లకు వాళ్ల పాత దళమే సిఫారసు. హెలికాప్టర్ల వైపు వాళ్లదే పైచేయి. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడల్లా వేల గంటల అనుభవమున్నవాళ్లు ఒక్కసారిగా రోడ్డు మీద పడ్డారు. అప్పుడు కొత్త లైసెన్సువాడిని పలకరించే నాథుడు లేడు. మరి కొత్తవాడు చొరబడేదెలా? ఆపరేషన్స్ గదిలో. ఫ్లైట్ ప్లాన్లు వేస్తూ, అనుమతుల కోసం ఫోన్లు చేస్తూ, ఏడాదో రెండేళ్లో కంపెనీ కళ్ల ముందు తిరిగి, ఒకనాడు కో-పైలట్ ఖాళీ అయితే ఆ సీట్లో కూర్చుంటాడు. ఈలోగా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఏటేటా సొంత డబ్బుతో రెన్యూ చేయించుకోవాలి. 2023 సవరణతో లైసెన్సు గడువు అయిదేళ్ల నుంచి పదేళ్లకు పెరిగింది గానీ, చేతులకు పట్టే తుప్పుకు ఆ సవరణ వర్తించదు.

సీటు ఇప్పిస్తామని డబ్బడిగే ఏజెంట్ల ఫోన్లు కూడా ఈ దశలోనే వస్తాయి. వాటి గురించి ఒక్క మాట చాలు: ఇవ్వకండి.

పరిచయాల మీద నడిచే ఈ పద్ధతిని నేను పూర్తిగా తప్పుపట్టలేను. పది సీట్ల విమానంలో ఇద్దరు పైలట్లు వారాల తరబడి ఒకే కారులో, ఒకే హోటల్లో, ఒకే కాక్‌పిట్‌లో గడపాలి. మనిషి ఎలాంటివాడో తెలియకుండా ఎవరు తీసుకుంటారు? అయితే కుర్రాడు గొంతు దాకా మొహమాటంలో మునిగి చేరతాడు.

ఒక రోజు ఎలా గడుస్తుందో చూడండి. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక బేగంపేట మామూలు ప్రయాణికులకు మూతపడింది. ఇప్పుడది వీఐపీలకు, అద్దె విమానాలకు, సైన్యానికి, శిక్షణకు. మా మేనల్లుడు ఎగిరేదీ అక్కడి నుంచే. వాడికి రాత్రి పదింటికి ఫోన్ వస్తుంది. పొద్దున ఏడింటికి ముగ్గురు బయల్దేరతారు, సాయంత్రానికి తిరిగి రావాలి. వీడు అయిదింటికి అక్కడుండాలి. వాతావరణం చూసుకోవాలి, ఫ్లైట్ ప్లాన్ వేయాలి, గగనతల రక్షణ అనుమతి (ఏడీసీ) నంబరు, ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్ (ఎఫ్ఐసీ) నంబరు తీసుకోవాలి. మద్యం తాగలేదని తేల్చే ఊదే పరీక్ష అవ్వాలి, ఇంధనం లెక్క తేలాలి, దిగబోయే రన్‌వే పొడవుకు విమానం బరువు సరిపోతుందో లేదో చూడాలి. ఆ తర్వాత ఇడ్లీ డబ్బాలు, తెలుగు పేపర్లు రెండు, ఇంగ్లీషుది ఒకటి, చక్కెర వేయని కాఫీ ఫ్లాస్కు. మెట్ల మీద మంచు తడి ఉంటే గుడ్డతో తుడిచేదీ వీడే. పెద్ద జెట్టులో ఇవన్నీ చూడటానికి కేబిన్ క్రూ ఉంటారు. కింగ్ ఎయిర్‌లో కో-పైలటే.

“మామయ్యా, అర కోటి పోసి చదివింది డబ్బాలు లెక్కపెట్టడానికా?” అన్నాడు మొదటి నెల్లో.

ఏడింటికని చెప్పిన మనిషి తొమ్మిదింబావుకి వచ్చారు. ఈ రెండు గంటల్లో అవతలి ఊరి మీద మబ్బులు పెరిగాయి, పైలట్ల డ్యూటీ గడియారం తిరుగుతూనే ఉంది. అక్కడ దిగాక ఆయన పని మూడు గంటలన్నది ఆరయింది. పైలట్లిద్దరూ షెడ్డు నీడలో కారు ఏసీ వేసుకుని కూర్చున్నారు. ఆ రన్‌వేకు రాత్రి దీపాల్లేవు. పొద్దు వాలే లోపు లేవకపోతే ఆ రాత్రి అక్కడే. కెప్టెన్ నాలుగున్నరకు ఒకసారి, అయిదింటికి ఒకసారి సెక్రటరీకి ఫోన్ చేశారు. “సార్ మీటింగ్‌లో ఉన్నారు.”

నాలుగు దశాబ్దాలు ఎగిరిన ఒక కెప్టెన్ నాతో అన్న మాట ఇది: ఇంజన్ ఆగిపోతే ఏం చేయాలో సిమ్యులేటర్‌లో వందసార్లు నేర్పుతారు, అయిదూ నలభైకి వచ్చి పదండి పదండి అనే మనిషితో ఏం మాట్లాడాలో ఏ సిమ్యులేటర్లోనూ నేర్పరు.

ఆ ‘పదండి’ ఎంత ఖరీదైందో చెప్పే కేసు అమెరికాలో ఉంది. 2001 మార్చి 29. లాస్ ఏంజెలిస్ నుంచి ఆస్పెన్‌కు అద్దెకు తీసుకున్న గల్ఫ్‌స్ట్రీమ్ త్రీ. చుట్టూ కొండలు. ఆ విమానం పొద్దుగూకాక అరగంటలోపే అక్కడ దిగాలి. ప్రయాణికులు ఆలస్యంగా వచ్చారు. ఆస్పెన్‌లో దిగడం కుదరకపోవచ్చని కెప్టెన్ అన్న మాట అద్దెకు తీసుకున్నాయన చెవిన పడింది. ఆయనకు కోపమొచ్చింది. తన మనిషి చేత అద్దె సంస్థకు ఫోన్ చేయించి ఆ మాట పనికిరాదని చెప్పించాడు. రాత్రి ఏడు దాటాక, గడువు తీరిన కొద్ది నిమిషాల్లోనే, రన్‌వే సరిగా కనిపించకుండానే కిందికి దిగుతూ విమానం కొండవాలును గుద్దుకుంది. 18 మందీ పోయారు. విచారణ జరిపిన అమెరికా రవాణా భద్రతా బోర్డు ఎన్‌టీఎస్‌బీ ఆ ఒత్తిడిని కారణాల జాబితాలోకే ఎక్కించింది.

మనకు ఇంత దూరం వెళ్లనక్కర్లేదు. 2001లో కాంగ్రెస్ నేత మాధవరావు సింధియా, 2002లో కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలిన హెలికాప్టర్‌లో లోక్‌సభ స్పీకర్ బాలయోగి, 2004లో బెంగళూరు జక్కూరు నుంచి లేచిన చిన్న సెస్నాలో నటి సౌందర్య ఇలాంటి ప్రయాణాల్లోనే పోయారు. 2009 సెప్టెంబర్ 2న బేగంపేట నుంచి చిత్తూరు బయల్దేరిన బెల్ 430 నల్లమలలో కూలి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో సహా అయిదుగురు చనిపోయారు. గేర్‌బాక్సు ఆయిల్ పీడనం గురించి హెచ్చరిక రాగానే ఏం చేయాలో పుస్తకంలో వెతకడంలో ఆరు నిమిషాలకు పైగా గడిచిందనీ, దారిలో దట్టమైన మేఘాలున్నా వెనక్కి మళ్లలేదనీ విచారణ తేల్చింది. ఇవన్నీ ఒకే కారణంతో జరిగాయని నేననను. కానీ నల్లమల నివేదిక చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. వెనక్కి తిప్పడానికి నైపుణ్యం అక్కర్లేదు. ముఖ్యమంత్రి వెనక కూర్చుని ఉండగా వెనక్కి తిప్పడానికి మాత్రం ఇంకేదో కావాలి.

ఒత్తిడి లేకపోయినా ఈ కొలువులో ఇంకో గొయ్యి ఉంది, చనువు. 2014 మే 31 రాత్రి అమెరికాలోని బెడ్‌ఫర్డ్‌లో ఒక వ్యాపారి గల్ఫ్‌స్ట్రీమ్ ఫోర్ టేకాఫ్‌కు పరుగెత్తింది. విమానం ఆగి ఉన్నప్పుడు గాలికి తోక పలకలు ఊగకుండా వేసే గడియ తీయలేదు. ముక్కు పైకి లేవలేదు. రన్‌వే దాటి వాగులోకి దూసుకుపోయి ఏడుగురు చనిపోయారు. పైలట్లిద్దరూ ఏళ్ల తరబడి కలిసి ఎగిరినవాళ్లే. రికార్డులు తీసి చూస్తే, అంతకు ముందు 175 టేకాఫ్‌లలో 98 శాతం సార్లు వాళ్లు కంట్రోళ్లను పూర్తిగా కదిపి చూసుకోనే లేదు. కాగితాల మీద ఆ విమానం నడిపిన సంస్థ ఆడిట్లన్నీ బాగానే పాసైంది. ఎయిర్‌లైన్‌లో ఈరోజు పక్కన కూర్చున్నవాడు రేపు ఉండడు, కాబట్టి చెక్‌లిస్టు గట్టిగా చదవక తప్పదు. ఇక్కడ పక్కనున్నది మీ పిల్లల పుట్టినరోజుకు వచ్చే మనిషి. “అయిందిలే” అన్న ఒక్క మాటతో పేజీ తిరిగిపోతుంది.

ఎదుగుదల సంగతికొస్తే లెక్క కొంచెం చేదుగా ఉంటుంది. ఎయిర్‌లైన్ కో-పైలట్ ఏడాదికి 800 గంటలు ఎగిరితే రెండేళ్లు తిరక్కుండానే ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సు (ఏటీపీఎల్)కు కావలసిన 1,500 గంటలు దాటతాడు. ఏడాదికి 250 గంటలు ఎగిరే కార్పొరేట్ కుర్రాడికి అయిదేళ్ల పైమాటే. ఈలోపు యజమాని వ్యాపారం దెబ్బతిని విమానం అమ్మేస్తే రేటింగ్‌తో సహా రోడ్డున పడతాడు. సీనియారిటీ జాబితా ఉండదు, సంఘం ఉండదు. చిన్న సంస్థల్లో మెడికల్ పోతే ఆదుకునే బీమా కూడా ఉండకపోవచ్చు. అది సొంతంగానైనా తీసుకోవాలి.

అయినా కొందరు ఉండిపోతారు. ఎయిర్‌లైన్ పైలట్ అవే ఇరవై ఊళ్ల మధ్య తిరుగుతుంటే, వీళ్లు పొద్దున పుట్టపర్తి, రాత్రి మాలే చూస్తారు. రూటు, ఇంధనం, అనుమతులు, దిగే చోటు అన్నీ వాళ్లే తేల్చుకుంటారు. పెద్ద జెట్టు కెప్టెన్‌కు జీతమూ బాగానే ముడుతుంది. అమెరికాలో 65 ఏళ్లకు ఎయిర్‌లైన్ ఇంటికి పంపేస్తుంది గానీ, కంపెనీల సొంత విమానాలకు ఆ హద్దు లేదు. అక్కడ పెరిగిన మన పిల్లల్లో ఈ దారి పట్టేవాళ్లున్నారు. ఇక్కడి నుంచి ఆశతో వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోవాలి: పైలట్ కొలువుకు హెచ్-1బీ దొరకడం బహు అరుదు. గ్రీన్ కార్డో పౌరసత్వమో లేనిదే లైసెన్సు ఒక్కటీ పనికిరాదు.

మా వాడి మొదటి ఇంటర్వ్యూలో మేనేజరొకాయన అడిగిన మొదటి ప్రశ్న, “సార్ అర్జెంటుగా వెళ్లాలంటే వెళ్తావా?” వాతావరణం బాగుంటే వెళ్తాను సార్ అన్నాడు వీడు. ఆ మేనేజరు ఫైలు మూసేశాడు. మళ్లీ ఫోన్ రాలేదు. ఇంట్లో అందరూ వీణ్ణే తిట్టారు, నేనూ తిట్టాను. ఏడు నెలల తర్వాత ఇంకోచోట ముసలి కెప్టెన్ ఒకాయన ఎదురు కూర్చున్నాడు. ఈసారి వీడే అడిగాడు, కిందటిసారి మీ పైలట్ రాలేనన్నప్పుడు ఏం జరిగింది సార్ అని. ఆయన నవ్వి ఆపరేషన్స్ గది గోడ చూపించాడు. యజమాని సంతకంతో ఒక కాగితం. ప్రయాణం ఆపే అధికారం కెప్టెన్‌ది, ఆపినందుకు సంజాయిషీ అడగబడదు అని రెండు లైన్లు.

దీపాల్లేని రన్‌వే నాటి సంగతి చెప్పనే లేదు కదా. ఆ పెద్దమనిషి రన్‌వే దగ్గరికి ఆరు దాటాక వచ్చారు. కెప్టెన్ కుదరదన్నారు. ఆయన కాసేపు ముఖం ముడుచుకుని, రాత్రికి హోటల్ చూడమని సెక్రటరీకి చెప్పారు. మర్నాడు పొద్దున ఆరున్నరకు లేచి ఎనిమిదింటికల్లా బేగంపేటలో దిగారు. సొంత విమానం కొనే స్తోమత ఉన్న తెలుగువాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. వాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్కటే మనవి. ఆ రెండు లైన్లు మీ లెటర్‌హెడ్ మీద టైపు చేయించి, ఈ వారమే సంతకం పెట్టండి.